ఇంటికి స్పీకర్లు ఎంచుకోవడం, వాల్యూమ్‌కు హద్దు పెట్టుకోవడం: వరంగల్ ఇళ్లకు ఒక సమగ్ర మార్గదర్శి

ఇంటికి స్పీకర్లు కొనాలనుకునేవారు హన్మకొండ నుంచి అడిగినా, కాజీపేట నుంచి అడిగినా మొదటి ప్రశ్న ఒకటే ఉంటుంది: “ఎన్ని వాట్లవి తీసుకోమంటారు?” వాట్లతో మొదలుపెట్టినవారు చాలావరకు గదికి మించిన పెట్టెలు తెచ్చుకుంటారు. నెల తిరగకముందే బేస్ హోరెత్తుతోందని, మాటలు అర్థం కావడం లేదని బాధపడతారు.

ముందు గదిని కొలవాలి. తర్వాత ఆ గదిలో మనం ఎంత సౌండ్‌తో వినబోతున్నామో డెసిబెల్ లెక్కలో తేల్చుకోవాలి. స్పీకర్ ఎంపిక ఆ తర్వాతే. కింది అంచెలన్నీ ఈ వరుసలోనే ఉన్నాయి కాబట్టి మధ్యలో దేన్నీ దాటవేయవద్దని నా మనవి.

## 1. షాపుకు వెళ్లే ముందు గదిని కొలవండి

ఒక టేపు, ఒక కాగితం, ఒక సెల్‌ఫోన్ ఉంటే చాలు. ఈ వివరాలు రాసుకోండి:

- గది పొడవు, వెడల్పు, ఎత్తు
- స్పీకర్లు పెట్టబోయే చోటి నుంచి మీరు కూర్చునే చోటికి దూరం, మీటర్లలో
- పొరుగింటితో ఉమ్మడిగా ఉన్న గోడ ఏది
- ప్లగ్ పాయింట్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, వాటికి ఎర్తింగ్ ఉందా
- వినే సమయంలో ఫ్యాన్, కూలర్, ఏసీలలో ఏది నడుస్తుంది

ఇప్పుడు గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. మన వైపు ఇళ్లలో పైన స్లాబు, కింద టైల్స్ లేదా గ్రానైట్, నాలుగు వైపులా నున్నటి గోడలు ఉంటాయి. చప్పట్ల వెనుకే రేకు మోగినట్టు సన్నని “టింగ్” మిగిలితే, ఆ గదిలో ఎంత ఖరీదైన స్పీకర్ పెట్టినా మాటలు ఒకదానిపై ఒకటి పడి కలగాపులగంగా వినిపిస్తాయి. దీనికి మందు స్పీకర్‌లో లేదు, గదిలోనే ఉంది.

కొత్తవాడలో నేసే నూలు జంపఖానా ఈ పనికి బాగా ఉపయోగపడుతుంది. స్పీకర్లకూ మీకూ మధ్య ఉన్న నేలను కప్పేలా పరవండి. వీలైతే రెండు మడతలుగా వేయండి, ఎందుకంటే బట్ట మందం పెరిగేకొద్దీ అది పీల్చుకునే శబ్దం పెరుగుతుంది. దానికి తోడు కిటికీలకు మందపాటి కర్టెన్లు, మీ వెనుక గోడకు పుస్తకాల అర ఉంటే ఆ “టింగ్” చాలావరకు పోతుంది. ఇవన్నీ సన్నగా వినిపించే పై స్వరాలనే అదుపు చేస్తాయి. బేస్ హోరుకు జంపఖానా పనిచేయదు, దాని సంగతి ఆరో అంచెలో చెబుతాను.

గది కొలతల్లో మరొకటి గమనించాలి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానంగా ఉంటే బేస్ ఒకే చోట పోగుపడుతుంది. 10 అడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మధ్య దాదాపు 56 హెర్ట్జ్ దగ్గర, అంటే లోతైన బేస్ స్వరం దగ్గర, శబ్దం నిలబడిపోతుంది. మూడు కొలతలూ 10 అడుగులే అయితే ఆ ఒక్క స్వరమే మూడింతలుగా మోగుతుంది. అలాంటి చిన్న గదిలో సబ్‌ఊఫర్, అంటే బేస్ కోసమే విడిగా పెట్టే పెట్టె, వద్దు.

## 2. ఎంత సౌండ్‌తో వింటారో ముందే నిర్ణయించుకోండి

అందరూ వదిలేసే అంచె ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

శబ్దాన్ని డెసిబెల్‌లో కొలుస్తారు. ఈ లెక్క మామూలు కూడికలా పెరగదు. 3 డెసిబెల్ పెరిగితే చెవికి చేరే శక్తి రెట్టింపు అవుతుంది. 10 డెసిబెల్ పెరిగితే శక్తి పది రెట్లు అవుతుంది, కానీ మనకు మాత్రం రెండింతలు పెరిగినట్టే అనిపిస్తుంది. చెవికి జరిగే నష్టం మనకు తోచిన దానికంటే వేగంగా పెరగడానికి కారణం ఇదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు పెద్దలకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్. చెవిలో పెట్టుకుని వినే పరికరాల కోసం చెప్పిన లెక్క అయినా, ఇంట్లో స్పీకర్లకూ దీన్నే కొలబద్దగా పెట్టుకోవచ్చు. సౌండ్ పెరిగితే వినదగిన సమయం ఎలా తరిగిపోతుందో చూడండి:

- 80 డెసిబెల్: వారానికి 40 గంటలు
- 85 డెసిబెల్: వారానికి సుమారు పన్నెండున్నర గంటలు
- 90 డెసిబెల్: వారానికి సుమారు 4 గంటలు
- 95 డెసిబెల్: వారానికి సుమారు గంటంబావు
- 100 డెసిబెల్: వారానికి సుమారు 20 నిమిషాలు

పిల్లలకు ఈ హద్దు 80 కాదు, 75 డెసిబెల్. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే మొత్తం ఇంటికి 75నే హద్దుగా పెట్టుకోండి.

మీటరు లేకపోయినా ఒక గుర్తు ఉంది. చేతికి అందే దూరంలో కూర్చున్న మనిషితో మాట్లాడటానికి గొంతు పెంచాల్సి వస్తోందంటే, ఆ గదిలో శబ్దం 85 ప్రాంతానికి చేరిందనుకోవచ్చు.

నా సలహా సూటిగా చెబుతాను. రోజువారీ టీవీకి, పాటలకు కూర్చునే చోట సగటున 65 నుంచి 70 డెసిబెల్ చాలు. మనసుపెట్టి పాటలు వినేటప్పుడు 75 దాకా వెళ్లవచ్చు. సినిమాలో ఒక్కో క్షణం 90 దాటినా సగటు 75లో ఉంటే భయం లేదు.

ఎండాకాలంలో ఈ లెక్క తప్పేది కూలర్ వల్ల. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కూలర్ పక్కనే నడుస్తుంటే, దాని హోరులో మాటలు వినపడాలని రిమోట్ మీద వేలు దానంతటదే పైకి వెళుతుంది. మాటలు తేటగా వినిపించాలంటే అవి చుట్టూ ఉన్న హోరు కంటే 10 నుంచి 15 డెసిబెల్ ఎక్కువ ఉండాలి. కూలర్ దగ్గర 62 ఉంటే టీవీ 75 దగ్గరికి పోక తప్పదు, సాయంత్రం నాలుగు గంటలపాటు అలాగే సాగుతుంది. సినిమా చూసేంతసేపు కూలర్‌ను కిటికీ బయటికి జరపడమో, చిన్న స్పీడులో పెట్టడమో చేస్తే వాల్యూమ్ తనంతట తానే దిగివస్తుంది.

## 3. డబ్బా మీది అంకెలు చదవడం

పీఎంపీవో. ఈ అంకెను పట్టించుకోకండి. ఒక్క క్షణం తాకగలిగే ఊహాత్మక శక్తిని పెద్ద అంకెగా వేస్తారు. 5000 పీఎంపీవో అని రాసిన సెట్టు నిజానికి 40 వాట్లే ఇవ్వవచ్చు.

ఆర్ఎంఎస్. ఆంప్లిఫైయర్ ఆగకుండా ఇవ్వగలిగే నికరమైన శక్తి ఇది. ఎన్ని ఓమ్‌ల (స్పీకర్ కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత) దగ్గర ఇస్తుందో కూడా పక్కనే రాసి ఉండాలి.

సెన్సిటివిటీ. స్పీకర్‌కు 2.83 వోల్టులు, అంటే 8 ఓమ్‌ల స్పీకర్‌కు 1 వాట్ ఇచ్చినప్పుడు 1 మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్ వస్తుందో చెప్పే అంకె. వాట్ల కంటే దీని విలువే ఎక్కువ. 83 డెసిబెల్ స్పీకర్ నుంచి వచ్చేంత సౌండ్‌ను 86 డెసిబెల్ స్పీకర్ సగం వాట్లతోనే ఇస్తుంది.

ఓమ్‌లు. ఆంప్లిఫైయర్ వెనుక రాసిన కనిష్ఠ ఓమ్‌ల కంటే తక్కువ ఓమ్‌ల స్పీకర్ తగిలించకూడదు. 8 ఓమ్‌లకు మాత్రమే పనికొచ్చే ఆంప్లిఫైయర్‌కు 4 ఓమ్‌ల స్పీకర్లు వేస్తే అది వేడెక్కి ఆగిపోతుంది, లేదా కాలిపోతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. మీ స్పీకర్ సెన్సిటివిటీ 86, మీరు కూర్చునేది రెండున్నర మీటర్ల దూరంలో అనుకోండి. ఆ దూరానికి 8 డెసిబెల్ తగ్గుతుంది. రెండు స్పీకర్లు కాబట్టి 3 కలుస్తుంది. చెరో 1 వాట్‌తో మీ కుర్చీ దగ్గర 81 డెసిబెల్ వస్తుంది. గోడల నుంచి తిరిగి వచ్చే శబ్దాన్ని కలిపితే ఇంకా కొంచెం ఎక్కువే ఉంటుంది.

మీరు వినేది సగటున 75 అయితే దానికి పావు వాట్ చాలు. డప్పు దెబ్బలాంటి చోట శబ్దం సగటు కంటే 18 డెసిబెల్ పైకి ఎగిరినా 93 అవుతుంది, అంటే 16 వాట్లు. కాబట్టి 10 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు ఉన్న హాలుకు చెరో 30 నికరమైన వాట్లుంటే సరిపోయి ఇంకా మిగులుతాయి. వంద వాట్లు కొనడం తప్పు కాదు. ఆ డబ్బును మంచి స్పీకర్ మీద పెడితే మాత్రం తేడా చెవికి తెలుస్తుంది.

## 4. మీ ఇంటికి ఏ రకం

టీవీ వార్తలు, సీరియళ్లు, అప్పుడప్పుడు సినిమా చూసే ఇంటికి సౌండ్‌బార్ (టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకర్) చాలు. దాన్ని టీవీలో శబ్దాన్ని బయటికి పంపే హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ పోర్టుకే కలపండి, అప్పుడు ఒకే రిమోట్‌తో వాల్యూమ్ నడుస్తుంది.

పాటలు శ్రద్ధగా వినేవారికి స్టాండ్ మీద పెట్టే రెండు చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లే నా ఎంపిక. వాటిలో కింది స్వరాలు పలికే పెద్ద గుండ్రటి భాగం, అంటే ఊఫర్, ఐదారు అంగుళాలుంటే మన హాళ్లకు సరిపోతుంది. టవర్ స్పీకర్లు గోడకు దూరంగా పెట్టుకునే చోటుంటేనే తీసుకోండి. ఐదు స్పీకర్ల హోమ్ థియేటర్‌కు వెనుక స్పీకర్లు పెట్టే చోటు, వైరు తీసుకెళ్లే దారి ముందే చూసుకోవాలి. వెనుక రెండింటినీ టీవీ పక్కనే పేర్చిన ఇళ్లను నేను చాలా చూశాను. అలా పెట్టేదుంటే రెండు మంచి స్పీకర్లే మేలు.

## 5. షాపులో వినే పద్ధతి

మనకు బాగా తెలిసిన మూడు పాటలు ఫోన్‌లో దింపుకుని వెళ్లాలి: ఒకటి గొంతు ప్రధానంగా ఉన్నది, ఒకటి డప్పు లేదా మృదంగం ఉన్నది, ఒకటి వాయిద్యాలు చాలా ఉన్నది.

నేను మొదటిసారి కొన్నప్పుడు షాపులో రెండు సెట్లు వినిపించారు. రెండోది గుండె మీద కొట్టినట్టు మోగింది, అదే తెచ్చుకున్నాను. ఇంట్లో రెండు పాటలు వినగానే తల బరువెక్కింది. రెండో సెట్టును మొదటిదానికంటే ఎక్కువ వాల్యూమ్‌లో, బేస్ పూర్తిగా పెంచి వినిపించారని తర్వాత అర్థమైంది. కొద్దిగా ఎక్కువ సౌండ్ ఉన్నదే చెవికి మెరుగ్గా తోస్తుంది, ఒకటి రెండు డెసిబెల్ తేడా చాలు. అందుకే ఇలా చేయండి:

1. బేస్, ట్రెబుల్ రెండూ మధ్యలో పెట్టమనండి. సౌండ్ ఎఫెక్టులన్నీ ఆపించండి.
2. ఫోన్‌లోని సౌండ్ మీటరుతో రెండు సెట్లనూ ఒకే డెసిబెల్‌కు తెప్పించండి, 70 దగ్గరయితే మంచిది.
3. ఒకే పాటలోని ఒకే చరణాన్ని రెండింటిలోనూ వినండి.
4. తర్వాత వాల్యూమ్ బాగా తగ్గించి వినండి. చిన్న సౌండ్‌లోనూ మాటలు తేటగా ఉన్న స్పీకరే ఇంటికి పనికొస్తుంది.
5. కనీసం పావుగంట వినండి. “స్‌”, “ష్‌” అక్షరాలు చెవిలో గుచ్చుకుంటే వదిలేయండి.

## 6. ఇంట్లో అమర్చే వరుస

రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరం ఉందో, ఒక్కో స్పీకర్‌కూ మీకూ మధ్య దాదాపు అంతే దూరం ఉండాలి. ట్వీటర్, అంటే పై స్వరాలు పలికే చిన్న భాగం, మీరు కూర్చున్నప్పుడు చెవి ఎత్తులో ఉండాలి. స్పీకర్లను కొద్దిగా మీ వైపు తిప్పండి.

బేస్ హోరు సంగతికి వద్దాం. నయీంనగర్‌లో మా మేనమామ ఇంట్లో స్పీకర్లను మూలల్లో, షోకేసు పక్కన పెట్టారు. పాట మొదలైతే చాలు, షోకేసులోని స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. స్పీకర్లు పాడయ్యాయని ఆయన వాటిని మార్చడానికి సిద్ధమయ్యారు. వాటిని మూల నుంచి రెండు అడుగులు, వెనుక గోడ నుంచి అడుగున్నర ముందుకు జరిపాము. గ్లాసులు ఊరుకున్నాయి, పాటలో అంతవరకు వినిపించని తబలా వేళ్ల చప్పుడు బయటపడింది. మూల బేస్‌ను ఎగదోస్తుంది, కాబట్టి ముందు అక్కడి నుంచి జరపండి. చోటు లేక గోడకు ఆనించాల్సి వస్తే, వెనుక రంధ్రం లేని స్పీకర్లను లేదా రంధ్రం ముందువైపున్న స్పీకర్లను ఎంచుకోండి.

సబ్‌ఊఫర్ చోటు కనిపెట్టడానికి తేలికైన ఉపాయం ఉంది. దాన్ని మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ ఉన్న పాట వేసి, మోకాళ్ల మీద వంగి గోడల వెంట తిరగండి. బేస్ ఎక్కడ సమంగా, హోరు లేకుండా వినిపిస్తే అక్కడ సబ్‌ఊఫర్ పెట్టండి. క్రాస్ఓవర్ (ఏ స్వరానికి కిందివి సబ్‌ఊఫర్‌కు వెళ్లాలో తేల్చే సెట్టింగ్) 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి.

వైరుకు ఎక్కువ ఖర్చు అక్కర్లేదు. 5 మీటర్ల దూరం దాకా 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. అంతకు మించితే 2.5 వేయండి. ఎర్ర చివర ఎర్రదానికే, నల్ల చివర నల్లదానికే తగలాలి. ఒక స్పీకర్‌కు అటూ ఇటూ అయితే బేస్ మాయమై, గొంతు మధ్యలోంచి కాకుండా గదంతా చెదిరినట్టు వినిపిస్తుంది. అనుమానం ఉంటే ఆంప్లిఫైయర్ నుంచి వైరు తీసి, 1.5 వోల్టుల బ్యాటరీ ప్లస్‌ను ఎర్ర చివరకు, మైనస్‌ను నల్ల చివరకు ఒక్క క్షణం తాకించండి. ఊఫర్ ముందుకు కదలాలి. రెండు స్పీకర్లూ ఒకేలా కదిలితే కలపడం సరిగ్గా ఉన్నట్టే.

ఆన్ చేసేటప్పుడు ముందు టీవీ లేదా ప్లేయర్, చివర ఆంప్లిఫైయర్. ఆపేటప్పుడు ముందు ఆంప్లిఫైయర్. కరెంటు పోయినప్పుడు వాల్యూమ్ కిందికి దించి స్విచ్ ఆపేయండి, తిరిగి వచ్చేటప్పుడు స్పీకర్ మీద పడే “ధబ్” దెబ్బ తప్పుతుంది.

## 7. వాల్యూమ్‌కు గీత గీయడం

ఐఫోన్ ఉన్నవారు అమెరికాలోని నియోష్ సంస్థ ఉచితంగా ఇచ్చే సౌండ్ లెవెల్ మీటర్ యాప్ వాడవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లలో మైకు ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటుంది కాబట్టి యాప్ చూపే అంకెలో 5 డెసిబెల్ దాకా తేడా రావచ్చు. అందుకే హద్దును 5 తగ్గించి పెట్టుకోండి.

1. ఫోన్ కవర్ తీసి, మీరు కూర్చునే చోట చెవి ఎత్తులో పట్టుకోండి.
2. యాప్‌లో ఏ-వెయిటింగ్ (మన చెవి వినే తీరుకు దగ్గరగా ఉండే లెక్క), స్లో (అంకె నిదానంగా మారే పద్ధతి) ఎంచుకోండి.
3. మీరు ఎక్కువగా వినే పాట వేసి, 5 నిమిషాల సగటు చూడండి.
4. సగటు 70 వచ్చిన చోట వాల్యూమ్ అంకెను రాసుకోండి. 75 వచ్చిన అంకెనూ రాసుకోండి.
5. తిప్పే నాబ్ అయితే 75 దగ్గర చిన్న స్టిక్కర్ అంటించండి. సౌండ్‌బార్ లేదా టీవీలో గరిష్ఠ వాల్యూమ్ సెట్టింగ్ ఉంటే అక్కడే ఆపేయండి.

ఏ-వెయిటింగ్ బేస్‌ను తక్కువ చేసి చూపిస్తుంది. కిటికీ అద్దాలు అదురుతున్నా యాప్ 70 చూపిస్తే, బేస్ తగ్గించండి.

## 8. మాటలు అర్థం కావడం లేదని వాల్యూమ్ పెంచేవారికి

పెద్దవాళ్లున్న ప్రతి ఇంట్లో ఈ చిక్కు ఉంది. మా అమ్మమ్మ టీవీ ముందు కూర్చుని, “బిడ్డా, మాటలు సమజ్ అయితలేవు, జర పెంచు” అనేది. పెంచితే నేపథ్య సంగీతం పెరిగి, మాటలు అలాగే మునిగి ఉండేవి. పక్క గదిలో చదువుకునే పిల్లలు తలుపు వేసుకునేవారు.

టీవీకి 12 అడుగుల దూరంలో ఉన్న ఆమె కుర్చీ పక్కన, 3 అడుగుల లోపు, ఒక చిన్న స్పీకర్ వైరుతో పెట్టాము. దూరం నాలుగో వంతుకు తగ్గితే ఖాళీ మైదానంలో 12 డెసిబెల్ లాభం. గదిలో అంత రాదు కానీ, నేరుగా చెవికి చేరే మాట బలపడి గోడల ప్రతిధ్వని వెనకబడుతుంది. టీవీ వాల్యూమ్ 38 నుంచి 22కు దిగింది. బ్లూటూత్‌తో పెడితే పెదవులకు మాట వెనకబడుతుంది, కాబట్టి వైరే మేలు.

దీనికి తోడు సెట్టింగుల్లో “స్పీచ్” లేదా “డైలాగ్” ఆన్ చేయండి, బేస్ రెండు మెట్లు తగ్గించండి, రాత్రిపూట “నైట్ మోడ్” వాడండి. అయినా మాటలు అందకపోతే ఆ పెద్దవారి వినికిడి పరీక్ష చేయించాలి.

## 9. తరచూ జరిగే తప్పులు, సవరణలు

- చిన్న సౌండ్‌లో బేస్ చాలడం లేదని వాల్యూమ్ పెంచడం. తక్కువ సౌండ్‌లో మన చెవికి బేస్ తక్కువగా అందుతుంది. “లౌడ్‌నెస్” బటన్ ఉన్నది ఇందుకే. లేకపోతే బేస్ ఒక మెట్టు పెంచండి, వాల్యూమ్ అలాగే ఉంచండి.
- చిన్న ఆంప్లిఫైయర్‌ను చివరిదాకా తిప్పడం. సౌండ్ పగిలి గరగరమంటుంది. ఆ పగిలిన సౌండే ట్వీటర్‌ను కాలుస్తుంది. గరగర వినగానే తగ్గించండి.
- ఫోన్‌లో సగం, ఆంప్లిఫైయర్‌లో పూర్తి. సన్నని హిస్ శబ్దం వస్తుంది. ఫోన్‌ను 90 శాతం దగ్గర పెట్టి, ఆంప్లిఫైయర్‌తోనే తగ్గించుకోండి.
- స్పీకర్ మీద పూలకుండీ, దీపం, టీ గ్లాసు. ఏదో ఒకరోజు లోపలికి తడి చేరుతుంది. తీసేయండి.
- రేకుల ఇంట్లో పెద్ద సబ్‌ఊఫర్. రేకు పాటకు తోడు వాయిస్తుంది. సబ్‌ఊఫర్ ఆపి, రెండు స్పీకర్లను స్టాండ్ మీద పెట్టండి.

## 10. గోడ అవతల

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో హద్దు పగలు 55, రాత్రి 45 డెసిబెల్. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. సొంత సౌండ్ సిస్టమ్ మోగించేవారి స్థలం సరిహద్దు దగ్గర ఈ హద్దు మీద 5 డెసిబెల్‌కు మించి పెరగకూడదు. కాబట్టి కొత్త సెట్టు పెట్టిన రోజు, మీ గీత దగ్గర పాట వేసి ఉంచి, ఫోన్ తీసుకుని ప్రహరీ దగ్గరికి, అపార్ట్‌మెంట్ అయితే మెట్ల దగ్గరికి వెళ్లి కొలవండి. పొరుగువారిని కూడా ఒక మాట అడగండి. వారికి ఎక్కువగా చేరేది బేసే, ఎందుకంటే ఇటుక గోడ పై స్వరాలను ఆపినంతగా బేస్‌ను ఆపలేదు. సబ్‌ఊఫర్‌ను ఉమ్మడి గోడ నుంచి జరిపి, కింద మందపాటి రబ్బరు షీటు వేయండి.

## 11. చెవి చెప్పే గుర్తులు

విన్న తర్వాత కింది వాటిలో ఏదైనా ఉంటే ఆ రోజు సౌండ్ హద్దు దాటినట్టే:

- చెవిలో హోరు లేదా సన్నని ఈల
- దూది పెట్టినట్టు మొద్దుబారడం
- పక్కనున్నవారి మాటలు గొణిగినట్టు వినిపించడం

మర్నాటికి తగ్గినా, వాల్యూమ్ గీతను 5 డెసిబెల్ కిందికి దించండి. లోపలి చెవిలోని సన్నని రోమ కణాలు ఒకసారి చనిపోతే తిరిగి మొలవవు. హోరు రెండు రోజులు దాటి నిలిచినా, ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోయినా ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మన ఎంజీఎం ఆసుపత్రిలోనూ ఈఎన్‌టీ విభాగం ఉంది. ఉన్నట్టుండి వినికిడి పోయినప్పుడు మొదటి కొద్ది రోజుల్లో మొదలైన చికిత్సకే ఎక్కువ ఫలితం ఉంటుంది కాబట్టి, ఆ ఒక్క విషయంలో “రేపు చూద్దాం” అనవద్దు.